అమెరికాలో ఇంటికి ఆఫర్ పెట్టే ముందు: ఏజెంట్ ఎవరి తరఫు, రిస్క్ ఎవరి మీద

ఆన్‌లైన్‌లో ఒక ఇల్లు నచ్చుతుంది. శనివారం చూపిస్తారా అని ఏజెంట్‌కు మెసేజ్ పెడితే, తప్పకుండా అంటూనే ఒక కాగితం పంపిస్తారు, ఫోన్‌లోనే సంతకం పెట్టేయమని. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర విజిటర్స్ పుస్తకంలో పేరు రాసినంత తేలిగ్గా చాలామంది దాని మీద సంతకం చేసేస్తారు. అమెరికాలో ఇల్లు కొనడానికి బయల్దేరినవాళ్లు కుదుర్చుకునే మొదటి ఒప్పందం అదే. వేల డాలర్ల లెక్క అందులో ఉంటుంది. ఆ తర్వాత వచ్చే ఆఫర్ కాగితం దగ్గరా ఇదే జరుగుతుంది. అందరి కళ్లూ ధర దగ్గర ఆగిపోతాయి. డబ్బు పోయేది మాత్రం కింద చిన్న గళ్లలో రాసిన తేదీల దగ్గర.

అందుకే ఈ ప్రయాణంలో సంతకం పెట్టే ప్రతి కాగితాన్నీ రెండు ప్రశ్నలతో చదవాలని నా అభిప్రాయం. ఇందులో ఏదైనా తేడా వస్తే నష్టం ఎవరిది? అది నా మీద పడకుండా తప్పుకోవడానికి నాకు ఏ రోజు వరకు వ్యవధి ఉంది? ఇంటి ధర గురించి సలహా చెప్పేవాళ్లు పదిమంది దొరుకుతారు. ఈ రెండు ప్రశ్నలు మాత్రం మనమే అడగాలి, ఎందుకంటే సంతకం మనది.

మొదటి కాగితం ఎందుకు వచ్చింది

దశాబ్దాల పాటు ఇక్కడి పద్ధతి ఇలా ఉండేది. ఇల్లు అమ్మేవాళ్లు తమ ఏజెంట్‌తో కమిషన్ మాట్లాడుకునేవారు, సాధారణంగా ధరలో 5 నుంచి 6 శాతం. ఆ ఏజెంట్ అందులో సుమారు సగం, కొనేవాళ్లను తీసుకొచ్చిన ఏజెంట్‌కు ఇచ్చేవారు. ఎంత ఇస్తారన్నది ఎంఎల్ఎస్ అనే జాబితాలో ఏజెంట్లకు కనిపించేది. ఇళ్ల వివరాలు ఏజెంట్లు ఒకరితో ఒకరు పంచుకునే డేటాబేస్ అది. కొనేవాళ్లతో మాత్రం 'మా సర్వీస్ మీకు ఫ్రీ' అనేవారు. ఆ మాట సగమే నిజం. ఇల్లు చేతులు మారే క్లోజింగ్ రోజున డబ్బు తెచ్చేది కొనేవాళ్లే కాబట్టి రెండు కమిషన్లూ చివరికి ఆ డబ్బులోంచే వెళ్లేవి. పైగా తక్కువ కమిషన్ రాసిన ఇళ్లను ఏజెంట్లు తమవాళ్లకు చూపించకుండా దాటేస్తారేమోనన్న భయంతో, అమ్మేవాళ్లు రేటు తగ్గించడానికి జంకేవారు.

మిస్సోరిలో ఇళ్లు అమ్ముకున్న కొందరు దీని మీద కోర్టుకు వెళ్లారు. 2023 అక్టోబర్ 31న కాన్సస్ సిటీలోని ఫెడరల్ జ్యూరీ నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్‌కు, కొన్ని పెద్ద బ్రోకరేజీలకు వ్యతిరేకంగా సుమారు 180 కోట్ల డాలర్ల తీర్పు ఇచ్చింది. 2024 మార్చిలో ఆ సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. ఆ రాజీలో భాగంగా రెండు నియమాలు 2024 ఆగస్టు 17 నుంచి అమల్లోకి వచ్చాయి. కొనేవాళ్ల ఏజెంట్‌కు ఎంత ఇస్తామన్నది ఇక ఎంఎల్ఎస్‌లో రాయకూడదు. అలాగే ఎంఎల్ఎస్ వాడే ఏజెంట్ ఇల్లు చూపించే ముందే కొనేవాళ్లతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోవాలి. వీడియో కాల్‌లో ఇల్లు చూపించినా ఇదే నియమం. ఎవరైనా వచ్చి చూసేలా ఇల్లు తెరిచి ఉంచే ఓపెన్ హౌస్‌కు మీ అంతట మీరు వెళ్లి చూసి రావడానికి మాత్రం ఏ ఒప్పందమూ అక్కర్లేదు.

ఒప్పందంలో ఏజెంట్ ఫీజు స్పష్టంగా ఉండాలి. ఇన్ని డాలర్లనో, ఇంత శాతమనో, గంటకు ఇంతనో రాయాలి. '2 నుంచి 3 శాతం మధ్య' అని కానీ, 'అమ్మేవాళ్లు ఎంత ఇస్తే అంత' అని కానీ రాయకూడదు. ఫీజును ఏ చట్టమూ నిర్ణయించలేదని, బేరం ఆడుకోవచ్చని అందులో కొట్టొచ్చినట్టు కనిపించేలా ఉండాలి. రాసిన మొత్తం కన్నా ఎక్కువ ఆ ఏజెంట్ ఎవరి దగ్గరా తీసుకోకూడదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒప్పందంలో 2.5 శాతం రాసుకున్నారు. 5 లక్షల డాలర్ల ఇల్లు నచ్చింది. అమ్మేవాళ్లు మీ ఏజెంట్‌కు 2 శాతమే ఇస్తామన్నారు. మిగిలిన అర శాతం, అంటే 2,500 డాలర్లు మీరు కట్టాలి. దీన్ని మామూలుగా లోన్‌లో కలపనివ్వరు, క్లోజింగ్ రోజున చేతి డబ్బే తేవాలి. డౌన్ పేమెంట్, క్లోజింగ్ ఖర్చులు అన్నీ లెక్కవేసుకుని ఆఖరి డాలర్ దాకా సర్దుకున్న కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. అమ్మేవాళ్లు 3 శాతం ఇస్తామన్నా ఏజెంట్‌కు దక్కేది 2.5 శాతమే. ఆ మిగులు ధర తగ్గింపుగానో, క్లోజింగ్ ఖర్చుల్లో తగ్గించే క్రెడిట్‌గానో మీకు వచ్చేలా అడగాలి.

ఫీజు కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేవి దాని పక్కనున్న గళ్లు. ఒప్పందం ఎంతకాలం? ఆరు నెలలని ముందే నింపి పంపితే, మీకు నచ్చని ఏజెంట్‌తో ఆరు నెలలు కట్టుబడి ఉండాలి. ఏ ప్రాంతం? ఒక కౌంటీయా, రాష్ట్రం మొత్తమా? ఎక్స్‌క్లూజివ్ అని ఉందా? అలా ఉంటే ఆ కాలంలో ఇంకో ఏజెంట్ ద్వారా కొన్నా, చివరికి మీరే నేరుగా బిల్డర్ దగ్గర కొన్నా ఈ ఏజెంట్‌కు ఫీజు బాకీ పడవచ్చు. గడువు ముగిశాక కూడా, అప్పటికే వాళ్లు చూపించిన ఇల్లు కొంటే ఫీజు ఇవ్వాలనే క్లాజు చాలా ఫారాల్లో ఉంటుంది. మధ్యలో రద్దు చేసుకునే దారి ఏమిటన్నదీ చూడాలి. పరిచయం లేని ఏజెంట్‌తో మొదటిసారి వెళ్తుంటే, ఆ ఒక్క ఇంటికో, ఒక వారానికో మాత్రమే వర్తించే ఒప్పందం అడగండి. అలాంటివి ఉన్నాయి, ఇస్తారు కూడా. ఇవ్వనని పట్టుబడితే, మీ తరఫున బేరం ఆడాల్సిన మనిషి మీతోనే ఎలా బేరం ఆడుతున్నారో అక్కడే తెలుస్తుంది.

మనవాళ్లలో బాగా వినిపించే ఇంకో మాట రిబేట్. కమిషన్‌లో సగం వెనక్కి ఇస్తామనే ఏజెంట్లు చాలామంది ఉన్నారు. చాలా రాష్ట్రాల్లో అది చట్టబద్ధమే, కొన్నింటిలో నిషేధం. చట్టబద్ధమైన చోట కూడా అది రాతలో ఉండాలి, లెండర్‌కు తెలియాలి, క్లోజింగ్ కాగితాల్లో కనపడాలి. 'తర్వాత విడిగా పంపిస్తాలెండి' అనే మాటకు ఒప్పుకోవద్దు. ఇంకొకటి కూడా ఉంది. ఫీజులో సగం వదులుకునే ఏజెంట్ రాత్రి పదింటికి అమ్మేవాళ్ల నుంచి మారు ఆఫర్ (కౌంటర్ ఆఫర్) వస్తే ఫోన్ ఎత్తుతారా అన్నది ముందే కనుక్కోవాలి. కొందరు ఎత్తుతారు. కొందరి పని తాళం తీసి చూపించడంతోనే అయిపోతుంది.

ఏజెంట్ ఎవరి తరఫు

ఇంటి ముందు బోర్డు మీద పేరున్న ఏజెంట్ అమ్మేవాళ్ల మనిషి. ఎంత ఆప్యాయంగా మాట్లాడినా సరే. ఓపెన్ హౌస్‌లో 'మాకు 5 లక్షల 40 వేల వరకు అప్రూవల్ ఉంది, స్కూల్ మొదలయ్యేలోపు మారిపోవాలి' అని మాటవరసకు అన్నా, ఆ రెండు విషయాలూ అమ్మేవాళ్లకు చేరతాయి. చేర్చడం ఆ ఏజెంట్ బాధ్యత.

ఒకే ఏజెంట్ ఇద్దరి తరఫునా ఉండటాన్ని డ్యూయల్ ఏజెన్సీ అంటారు. ఇద్దరి రహస్యాలూ తెలిసిన మనిషి ఏ ఒక్కరికీ గట్టిగా సలహా చెప్పలేరు. ఫ్లోరిడా దీన్ని నిషేధించింది. అక్కడ ఎవరి పక్షమూ వహించని ట్రాన్సాక్షన్ బ్రోకర్ అనే పాత్ర ఉంది. టెక్సస్‌లో ఇంటర్మీడియరీ అనే ఏర్పాటు ఉంది, దానికి ఇద్దరి రాతపూర్వక అంగీకారమూ కావాలి. మరికొన్ని రాష్ట్రాల్లో ఇరుపక్షాలూ ఒప్పుకుంటే డ్యూయల్ ఏజెన్సీ నడుస్తుంది. పేరు ఏదైనా, మీ చెవిలో 'ఈ ఇల్లు అంత విలువ చేయదు' అని చెప్పే మనిషి ఆ ఏర్పాటులో ఉండరు. ఖర్చు కలిసొస్తుందన్న ఆశతో దీనికి ఒప్పుకునే ముందు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

మీ ఏజెంట్ పూర్తిగా మీ తరఫునే ఉన్నా, లెక్క ఇంకోవైపు లాగుతూ ఉంటుంది. ఆర్థికవేత్తలు స్టీవెన్ లెవిట్, చాడ్ సివర్సన్ షికాగో ప్రాంతంలో జరిగిన దాదాపు లక్ష ఇళ్ల అమ్మకాలను పరిశీలించి 2008లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏజెంట్లు తమ సొంత ఇల్లు అమ్ముకున్నప్పుడు సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగారు, అలాంటి ఇతర ఇళ్ల కన్నా సుమారు 3.7 శాతం ఎక్కువ ధరకు అమ్ముకున్నారు. కస్టమర్ ఇల్లయితే అన్ని రోజులు ఆగడం వాళ్లకు గిట్టుబాటు కాదు. కొనే వైపు కూడా ఇదే సూత్రం. మీ ఏజెంట్ గట్టిగా నిలబడి ధర 10 వేలు తగ్గిస్తే మీకు 10 వేలు మిగులుతాయి. 2.5 శాతం లెక్కన ఏజెంట్‌కు 250 డాలర్లు తగ్గుతాయి. ఆ డీల్ చెడిపోతే మాత్రం వాళ్లకు వచ్చేది సున్నా. మంచి ఏజెంట్లు ఈ లెక్కను పక్కనపెట్టి పనిచేస్తారు, అలాంటివాళ్లు ఉన్నారు. కానీ లెక్క ఎటు లాగుతోందో తెలిసుంటే మనం అడిగే ప్రశ్న మారుతుంది.

'ఎంత పెట్టమంటారు?' అని అడగడం కన్నా, ఆ చుట్టుపక్కల గత ఆరు నెలల్లో ఇలాంటి ఇళ్లు ఎంతకు పోయాయో జాబితా ఇవ్వమని అడగండి. లిస్ట్ ధర కాదు, అమ్ముడైన ధర కావాలి. ఈ ఇల్లు ఎన్నాళ్లుగా మార్కెట్లో ఉంది, ధర ఎన్నిసార్లు తగ్గించారు, ఇంతకుముందు ఏదైనా ఒప్పందం కుదిరి చెడిందా, అమ్మేవాళ్లకు తొందర ఉందా అని అడగండి. ముఖ్యంగా చెడిన ఒప్పందం సంగతి. ఇన్‌స్పెక్షన్‌లో ఏదో బయటపడి చెడిందా, వాళ్ల లోన్ రాక చెడిందా అన్నదాన్ని బట్టి మీ ఆఫర్ పూర్తిగా మారిపోతుంది.

ఏజెంట్ చెప్పలేనివి కూడా ఉంటాయి. 'ఇక్కడ మనవాళ్లు ఎక్కువుంటారా?' అని మనం చాలా మామూలుగా అడిగేస్తాం. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం వంటివాటిని బట్టి కొనేవాళ్లను ఒక ప్రాంతం వైపు నడిపించడం చట్టవిరుద్ధం. అందుకే జాగ్రత్త గల ఏజెంట్ ఆ ప్రశ్నకు జవాబు చెప్పరు, చెప్పకపోతే తప్పుగా అనుకోవద్దు. సాయంత్రం పూట ఆ వీధిలో ఒకసారి నడిచి వస్తే మీకే తెలుస్తుంది.

లెండర్‌ను, ఇన్‌స్పెక్టర్‌ను, ఇంటి హక్కు పత్రాలు సరిచూసే టైటిల్ కంపెనీని ఏజెంటే సూచిస్తారు. 1974 నాటి రెస్పా చట్టం ఇలాంటి సిఫార్సులకు ముడుపులు తీసుకోవడాన్ని నిషేధిస్తుంది. కంపెనీల మధ్య యాజమాన్య సంబంధం ఉంటే రాతలో చెప్పాలి. చట్టం అక్కడితో ఆగుతుంది. డీల్ చెడగొట్టని ఇన్‌స్పెక్టర్‌ను ఇష్టపడటం మానవ సహజం. కాబట్టి ఇన్‌స్పెక్టర్‌ను మాత్రం మీరే వెతుక్కోవడం మంచిది.

ఆఫర్‌లో ధర కాకుండా ఉండేవి

ముందు ప్రీ-అప్రూవల్. మీరు నోటితో చెప్పిన ఆదాయం ఆధారంగా ఇచ్చే ప్రీ-క్వాలిఫికేషన్‌కు విలువ తక్కువ. పే స్టబ్స్, టాక్స్ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు చూసి ఇచ్చేదే పనికొస్తుంది. ఇద్దరు ముగ్గురు లెండర్ల దగ్గర రేట్లు కనుక్కుంటే క్రెడిట్ స్కోరు పడిపోతుందన్న భయం వద్దు. 45 రోజుల లోపు ఇంటి లోన్ కోసం చేసిన విచారణలన్నీ ఒక్కటిగానే లెక్కకు వస్తాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు డబ్బు పంపిస్తుంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు, గిఫ్ట్ లెటర్ సిద్ధంగా పెట్టుకోవాలి. లెండర్లు సాధారణంగా గత రెండు నెలల స్టేట్‌మెంట్లు చూసి పెద్ద డిపాజిట్ ప్రతిదానికీ సంజాయిషీ అడుగుతారు.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు ఒక మార్పు గమనించాలి. ప్రభుత్వ హామీతో, తక్కువ డౌన్ పేమెంట్‌తో వచ్చే ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు 2025 మే 25 నుంచి శాశ్వత నివాసం లేనివాళ్లకు ఇవ్వడం లేదు. ఆ హామీ లేని మామూలు కన్వెన్షనల్ లోన్ దారి తెరిచే ఉంది. పాత సలహాలు పట్టుకుని ఎఫ్‌హెచ్‌ఏ మీద లెక్కలు వేసుకోకండి.

ఎర్నెస్ట్ మనీ అంటే మీరు నిజంగానే కొంటారనడానికి గుర్తుగా ఎస్క్రోలో, అంటే మూడో పక్షం దగ్గర పెట్టే సొమ్ము, చాలాచోట్ల ధరలో 1 నుంచి 3 శాతం. ఏ కారణంతో, ఏ తేదీ లోపు వెనక్కి తగ్గితే ఆ సొమ్ము మీకు తిరిగొస్తుందన్నది కంటింజెన్సీలనే షరతులు నిర్ణయిస్తాయి. పోటీ ఎక్కువగా ఉన్నప్పుడు 'కంటింజెన్సీలు వేవ్ చేస్తే ఆఫర్ బలంగా ఉంటుంది' అని ఏజెంట్ అంటారు. నిజమే, బలంగానే ఉంటుంది. ఆ బలం ఎక్కడి నుంచి వస్తుందంటే, అమ్మేవాళ్ల మీద ఉండాల్సిన రిస్క్ మీరు తీసుకోవడం వల్ల. ఒక్కొక్క దాన్ని వదులుకుంటే ఎంత పోతుందో డాలర్లలో లెక్క వేసుకున్నాకే ఒప్పుకోవాలి.

లోన్ కోసం ఇంటి విలువ కట్టించే అప్రైజల్ సంగతే తీసుకోండి. మీరు ఒప్పుకున్న ధర, అప్రైజర్ కట్టిన విలువ, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దాని మీదే బ్యాంకు లోన్ ఇస్తుంది. 5 లక్షలకు ఒప్పుకున్నారు. 20 శాతం అంటే లక్ష మీరు, 4 లక్షలు బ్యాంకు అనుకున్నారు. విలువ 4 లక్షల 80 వేలే వచ్చింది. బ్యాంకు అందులో 80 శాతం, అంటే 3 లక్షల 84 వేలు ఇస్తుంది. ఇప్పుడు మీరు లక్షా 16 వేలు తేవాలి. తేడా 20 వేలయినా మీ మీద అదనంగా పడింది 16 వేలు. అదే 5 శాతం డౌన్ పేమెంట్ అయితే? 25 వేలు కడదామనుకున్నవాళ్లు 44 వేలు తేవాలి. అదనపు భారం 19 వేలు, అనుకున్న దానికి ముప్పావు వంతు పెరిగింది. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్లనే ఈ తేడా గట్టిగా కొడుతుంది. మొదటి కేసులో లక్షే కడతామని పట్టుబడితే 4 లక్షల లోన్ విలువలో 83 శాతం దాటుతుంది, ప్రతి నెలా పీఎంఐ (డౌన్ పేమెంట్ తక్కువైతే కట్టే లోన్ ఇన్సూరెన్స్) వచ్చి పడుతుంది.

అందువల్ల అప్రైజల్ షరతును మొత్తంగా వదిలేయడం కన్నా, 'విలువ తక్కువ వస్తే 8 వేల డాలర్ల వరకు తేడా నేను భరిస్తాను, దాటితే తప్పుకుంటాను' అని పరిమితి రాయడం మేలు. అమ్మేవాళ్లకు భరోసా ఉంటుంది, మీకు హద్దు ఉంటుంది.

లోన్ షరతు విషయంలో మన పరిస్థితి ప్రత్యేకం. క్లోజింగ్‌కు కొద్ది రోజుల ముందు లెండర్ మీ ఉద్యోగం ఉందో లేదో మళ్లీ కనుక్కుంటారు. అప్పుడు లేఆఫ్ అయితే లోన్ ఆగిపోతుంది. హెచ్-1బీ వాళ్లకు ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్ పీరియడ్ మాత్రమే. ఇల్లు, వీసా, ఎర్నెస్ట్ మనీ మూడూ ఒకే వారంలో చేజారే పరిస్థితి అది. వీసా మీద ఉన్నవాళ్లు లోన్ కంటింజెన్సీని వదులుకోవద్దనే నేను గట్టిగా చెబుతాను. ఇంకో ఇల్లు దొరుకుతుంది. ఆఫర్ పెట్టాక క్లోజింగ్ అయ్యేదాకా కొత్త కారు లోన్, కొత్త క్రెడిట్ కార్డు, ఉద్యోగ మార్పు, ఇవేవీ వద్దు.

ఇన్‌స్పెక్షన్‌లో మధ్యేమార్గం ఒకటి ఉంది. చిన్న చిన్న రిపేర్లు అడగనని రాసిచ్చి, పెద్ద లోపం బయటపడితే తప్పుకునే హక్కు మాత్రం ఉంచుకోవచ్చు. ఇన్‌స్పెక్షన్ వదులుకుంటేనే ఇల్లు ఇస్తామనే షరతు పెట్టకుండా మసాచుసెట్స్ 2025 అక్టోబర్‌లో నియమం తెచ్చింది. మిగతా చాలాచోట్ల అలాంటి రక్షణ లేదు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పెయింట్‌లో సీసం ఉందేమో పరీక్షించుకోవడానికి 10 రోజుల అవకాశం ఫెడరల్ చట్టమే ఇస్తుంది.

గడువు దాటితే ఏమవుతుందన్నది రాష్ట్రాన్ని బట్టి పూర్తిగా తలకిందులవుతుంది. ఇంకో రాష్ట్రంలో కొన్న స్నేహితుల అనుభవాన్ని నమ్ముకుంటే దెబ్బతినేది ఇక్కడే. టెక్సస్‌లో కొంత ఆప్షన్ ఫీజు కట్టి కొన్ని రోజుల ఆప్షన్ పీరియడ్ కొనుక్కుంటారు. ఆ రోజుల్లో ఏ కారణం చెప్పకుండానే తప్పుకోవచ్చు, ఆఖరి రోజు సాయంత్రం 5 గంటల లోపు నోటీసు ఇవ్వాలి. ఆప్షన్ ఫీజు పోతుంది, ఎర్నెస్ట్ మనీ తిరిగొస్తుంది. లోన్ రాలేదని తప్పుకునే హక్కుకు వేరే గడువు ఉంటుంది. ఆ గడువులో మీరు నోటీసు ఇవ్వకపోతే ఆ హక్కు దానంతట అదే పోతుంది. కాలిఫోర్నియా ప్రామాణిక ఫారంలో దీనికి వ్యతిరేకం. కంటింజెన్సీని తీసేస్తున్నామని మీరు రాతలో చెప్పేదాకా అది బతికే ఉంటుంది, అమ్మేవాళ్లు నోటీసు ఇచ్చి ఒత్తిడి తేవాల్సిందే. నార్త్ కరోలినాలో ఇంటిని పరిశీలించుకునే గడువు కోసం కట్టే డ్యూ డిలిజెన్స్ ఫీజు నేరుగా అమ్మేవాళ్ల చేతికి వెళ్తుంది. మీరు తప్పుకుంటే అది సాధారణంగా తిరిగి రాదు. న్యూజెర్సీలో ఏజెంట్ తయారుచేసిన ఒప్పందాన్ని లాయర్ చూసి రద్దు చేయడానికి మూడు పనిదినాల వ్యవధి ఉంటుంది. అక్కడ లాయర్ ఖర్చును ఆదా చేసుకోవాలని చూడకండి.

పోటీలో నిలబడటం, బేరం

ఆఫర్లు ఎక్కువ వచ్చినప్పుడు 'హైయెస్ట్ అండ్ బెస్ట్', అంటే మీ ఆఖరి, మేలైన ఆఫర్ పంపమంటారు. అప్పుడు కొందరు ఎస్కలేషన్ క్లాజు పెడతారు. నా ఆఫర్ 5 లక్షలు, ఇంకెవరైనా ఎక్కువ పెడితే వాళ్లకన్నా 3 వేలు ఎక్కువ ఇస్తాను, 5 లక్షల 25 వేలు దాటను, అని దాని సారాంశం. చిక్కేమిటంటే మీ గరిష్ఠ హద్దు అమ్మేవాళ్ల కళ్ల ముందే ఉంటుంది. 5 లక్షల 25 వేలకే కౌంటర్ ఇవ్వడానికి వాళ్లకు ఏ అడ్డూ లేదు. ఈ క్లాజు పెడితే, ధర పెరగడానికి కారణమైన పోటీ ఆఫర్ కాపీ చూపించాలని రాయించండి. పెరిగిన ధరకు అప్రైజల్ రాకపోతే ఏమిటన్నదీ రాయించండి. నా మటుకు, ఏ ధర దగ్గర ఇల్లు పోయినా బాధపడనో ముందే ఇంట్లో ఇద్దరూ కూర్చుని తేల్చుకుని, ఆ ఒక్క అంకె పెట్టేయడమే ప్రశాంతం.

అమ్మేవాళ్లు చూసేది చేతికి వచ్చే నికర మొత్తాన్ని. మీ ఏజెంట్ ఫీజును వాళ్లనే కట్టమని ఆఫర్‌లో అడగవచ్చు, చాలామంది అడుగుతున్నారు. అయితే 5 లక్షలు పెట్టి 2.5 శాతం ఫీజు వాళ్లనే భరించమంటే, వాళ్ల లెక్కలో మీ ఆఫర్ 4 లక్షల 87 వేల 500. ఫీజు అడగకుండా 4 లక్షల 90 వేలు పెట్టినవాళ్లు మీకన్నా ముందుంటారు. క్లోజింగ్ ఖర్చులకు క్రెడిట్ అడిగినా అంతే. మార్కెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు మాత్రం క్రెడిట్ చాలా ఉపయోగం. 20 శాతం డౌన్‌తో, 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల లోన్ తీసుకుంటే, ధర 10 వేలు తగ్గినప్పుడు చేతి డబ్బులో మిగిలేది 2 వేలు, నెలవారీ కిస్తీ సుమారు 50 డాలర్లు తగ్గుతుంది. అదే 10 వేలు క్రెడిట్‌గా వస్తే మొత్తం ఇప్పుడే మిగులుతుంది. దీనికి హద్దులున్నాయి. మీరుండే ఇంటికి కన్వెన్షనల్ లోన్ అయితే, డౌన్ పేమెంట్ 10 శాతం కన్నా తక్కువ ఉన్నవాళ్లు ధరలో 3 శాతం వరకే ఇలాంటి క్రెడిట్ తీసుకోగలరు.

కౌంటర్ ఆఫర్ విషయంలో ఒక న్యాయసూత్రం. అమ్మేవాళ్లు పంపిన ఆఫర్‌కు మీరు చిన్న మార్పుతో కౌంటర్ ఇచ్చినా, పాత ఆఫర్ రద్దయినట్టే. 'సరే, పాతదే ఒప్పుకుంటాం' అన్నా వాళ్లు మళ్లీ ఒప్పుకోవాలి. వెయ్యి డాలర్ల ఫ్రిజ్ కోసం కౌంటర్ పంపి, ఆ రాత్రి వచ్చిన ఇంకో ఆఫర్‌కు ఇల్లు పోగొట్టుకోవడం సాధ్యమే. ఇద్దరి సంతకాలూ పడి, ఆ సంగతి అవతలి వారికి అందేవరకు మీరూ ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు, వాళ్లూ మనసు మార్చుకోవచ్చు.

కుటుంబం ఫొటోతో అమ్మేవాళ్లకు ఉత్తరం రాయమని ఇప్పటికీ కొందరు సలహా ఇస్తారు. రాయకండి. ఉత్తరంలోని పేరు, ఫొటో, పండగ ముచ్చట చదివి ఎంచుకున్నా, తిరస్కరించినా అది వివక్ష కిందికి రావచ్చు. రియల్టర్ల సంఘమే వాటిని వద్దంటోంది. ఆరెగాన్ రాష్ట్రం వీటిని నిషేధిస్తూ 2021లో చట్టం చేసింది, వాక్ స్వాతంత్ర్యం కారణంగా 2022లో ఫెడరల్ జడ్జి దాన్ని అడ్డుకున్నారు. చట్టం సంగతి ఎలా ఉన్నా, శుభ్రమైన ప్రీ-అప్రూవల్, వాళ్లకు అనుకూలమైన క్లోజింగ్ తేదీ ఏ ఉత్తరం కన్నా బాగా పనిచేస్తాయి.

కొత్త కమ్యూనిటీల్లో బిల్డర్ దగ్గర కొనేవాళ్లకు ఇందులో సగం వర్తించదు. మోడల్ హోమ్‌లో కూర్చున్న సేల్స్ మనిషి బిల్డర్ ఉద్యోగి, కాంట్రాక్ట్ బిల్డర్ లాయర్లు రాసింది. మీ ఏజెంట్‌కు బిల్డర్ ఫీజు ఇవ్వాలంటే చాలాచోట్ల మొదటి విజిట్‌లోనే ఆ ఏజెంట్ పేరు నమోదై ఉండాలి. ఊరికే చూసొద్దామని వెళ్లి మీ వివరాలు రాసిస్తే ఆ అవకాశం పోవచ్చు. బిల్డర్లు ధర తగ్గించడానికి ఇష్టపడరు, ఎందుకంటే అది పక్క ఇళ్ల ధరను లాగేస్తుంది. వడ్డీ తగ్గింపు, క్లోజింగ్ ఖర్చులు, అప్‌గ్రేడ్‌ల దగ్గర మాత్రం వంగుతారు. తమ లెండర్ దగ్గరే లోన్ తీసుకుంటేనే అవి ఇస్తామంటే, బయటి లెండర్ ఇచ్చే లోన్ ఎస్టిమేట్ (వడ్డీ, ఖర్చుల అంచనా కాగితం) పక్కన పెట్టి పోల్చండి. దరఖాస్తు చేసిన మూడు పనిదినాల్లో ఏ లెండరైనా ఆ ఎస్టిమేట్ ఇచ్చి తీరాలి. కొత్త ఇల్లే కదా అని ఇన్‌స్పెక్షన్ మానేయకండి. గోడలు మూసేయకముందు ఒకసారి, చివర్లో ఒకసారి చేయించండి.

ఒప్పందం కుదిరిన రోజే అందులోని ప్రతి గడువునూ క్యాలెండర్‌లో వేసుకోండి, రెండు రోజుల ముందు గుర్తుచేసేలా. తప్పుకోవాలనుకుంటే ఏజెంట్‌కు ఫోన్‌లో చెబితే సరిపోదు. ఒప్పందంలో చెప్పిన ఫారం మీద, చెప్పిన పద్ధతిలో, గడువులోపు నోటీసు వెళ్లాలి, వెళ్లినట్టు మీ దగ్గర ఆధారం ఉండాలి. క్లోజింగ్‌కు కనీసం మూడు పనిదినాల ముందు చివరి లెక్కల కాగితం, క్లోజింగ్ డిస్‌క్లోజర్ వస్తుంది. లోన్ ఎస్టిమేట్‌తో అంకె అంకె సరిచూడటానికే ఆ మూడు రోజులు. డబ్బు వైర్ చేసేముందు ఈమెయిల్‌లో వచ్చిన అకౌంట్ నంబర్‌ను, మీరు స్వయంగా వెతికి పట్టుకున్న ఫోన్ నంబర్‌కు టైటిల్ కంపెనీకి కాల్ చేసి నిర్ధారించుకోండి. ఏజెంట్ల, టైటిల్ కంపెనీల ఈమెయిల్స్ హ్యాక్ చేసి, సరిగ్గా ఆ రోజుల్లోనే 'అకౌంట్ మారింది' అని మెసేజ్ పంపే మోసాలు చాలా జరుగుతున్నాయి. పొరపాటున పంపేస్తే ఆ నిమిషమే బ్యాంకుకు, ఎఫ్‌బీఐ ఇంటర్నెట్ నేరాల విభాగానికి ఫిర్యాదు చేయాలి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు వెనక్కి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.